పిల్లలు విడువక చదువు నవలలు

మన యిండ్లలోని పుస్తకముల అలమారను ఒకపరి పరికించి చూచినచో రెండు వయస్సుల చదువరులకు మాత్రమే అందు చోటున్నట్లు తెలియును. క్రింది అరలో పసివారి బొమ్మల కథలుండును. పై అరలో పెద్దల గ్రంథములుండును. నడిమి అరలో పదవతరగతి గైడులును, ప్రవేశపరీక్షల ప్రశ్నావళులును కలవు. పండ్రెండేండ్లు నిండి పందొమ్మిదేండ్లు నిండని బాలబాలికల పాలికి దక్కినది ఆ నడిమి అరయే. ఆ యేడేండ్లలో తెలుగున ఒక్క నవలనైనను తుదముట్ట చదువని బాలుడు ఇరువదవ యేట హఠాత్తుగా చదువరి యగునని నమ్ముటకు మాకు ఆధారమేదియు కానరాదు.

ఇంగ్లీషున ఈ వయస్సువారికి 'యంగ్ అడల్ట్' అను పేర ఒక ప్రత్యేకవాఙ్మయమే పెరిగినది. అమెరికాలో 1967లో 'ది అవుట్‌సైడర్స్' అను నవలను ప్రకటించిన ఎస్. ఇ. హింటన్ అను యువతికి అప్పటికి ఇరువదేండ్లైనను నిండలేదు. తనవంటి పిల్లల బ్రతుకు పుస్తకములలో కానరాకుండుట చూచి ఆమె కలము పట్టినది. మనకు అట్టి పేరు లేదు. పేరు లేనంతమాత్రమున వస్తువును లేదనరాదు. వెదకినచో అచ్చటచ్చట దొరకును. వెదకి చేతికిచ్చువారే కరవు.

వికారాబాదు, తాండూరు ప్రాంతముల బాలబాలికలను మనస్సునందుంచుకొని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. మూసీనది పుట్టు అనంతగిరి కొండలు మొదలుకొని కాగ్నా యొడ్డున నాపరాతి గనులును కందిచేలును గల తాండూరు వరకు వ్యాపించిన ఈ సీమ 2016లో జిల్లాగా నేర్పడినది. ఇచ్చటి బిడ్డ ఇంట తెలుగు మాటలాడును, అంగడిలో ఉర్దూ వినును, పడమటి పొలిమేర దాటినచో కన్నడము, తండాలో లంబాడీ, బడిలో ఇంగ్లీషు. చెవికి ఇన్ని భాషలు పరిచితములై యుండియు కంటికి సుఖముగా నానినది ఒక్కటియు లేకపోవుట వింత. పదవతరగతి వరకు తెలుగు తప్పనిసరి పాఠ్యవిషయముగా నుండవలెనని తెలంగాణమున 2018లో చట్టము వచ్చినది. మంచిదే. కాని పాఠ్యవిషయమైన భాషలో మార్కులు వచ్చును. చదువు రుచి మాత్రము పాఠ్యపుస్తకమునకు వెలుపలనే పుట్టును.

ఈ విషయమున సంస్కారప్రియులగు తలిదండ్రులే మాకు ప్రథమప్రతివాదులు. ఉత్కంఠ చౌకబారు గుణమనియు, దానిని రేకెత్తించు పుస్తకము బిడ్డను మత్తులో ముంచుననియు వారి భయము. కావున మహాపురుషుల జీవితములను, నీతికథలను కొనియిత్తురు. బిడ్డ పుట్టినరోజున వానిని పుచ్చుకొని మరునాడే మరచును. నవలను మందుమాత్రవలె మ్రింగింపజూచుటయే ఇందలి లోపము. ఈ యలవాటుకు వీరేశలింగముగారిని సాక్షిగా పిలుచువారును కలరు. అది అన్యాయము. 1878లో పత్రికలో ప్రకటింపబడ మొదలిడి 1880లో గ్రంథరూపము దాల్చిన రాజశేఖరచరిత్రమును మనము తరగతులలో సంఘసంస్కారగ్రంథమనియే వర్ణించి విడుతుము. దానిని తెరచి చూడుడు. బంగారము చేసి యిచ్చెదనని నమ్మించి మోసగించిన బైరాగి అందు కలడు. బాటలో దొంగల దాడి కలదు. చనిపోయినదనుకొన్న కూతురు పురుషవేషమున మరల ప్రత్యక్షమగుట కలదు. ఆ మహానుభావుడు మందులో కథను కలుపలేదు. కథను పరుగెత్తించుచు, దారి ప్రక్కనున్న మూఢవిశ్వాసములను ఒక్కొక్కదానిని నవ్వులపాలు చేసినాడు. భాష నేటి పిల్లలకు కొఱుకుడు పడదు గాని కథ ఇప్పటికిని పడును.

ఉత్కంఠను గురించి మన ఆలంకారికులు చక్కని మాట చెప్పియున్నారు. భరతుడు ముప్పదిమూడు వ్యభిచారిభావములను పేర్కొనుచు ఔత్సుక్యమును అందొకటిగా లెక్కించెను. వ్యభిచారి యనగా వచ్చిపోవునది; స్థాయిభావమునకు బలము గూర్చి తొలగునది. 'తరువాత నేమాయెను?' అను ప్రశ్న సరిగా అట్టిది. అది లేనిచో స్థాయి మేల్కొనదు. అది యొక్కటియే యున్నచో, జవాబు తెలిసిన క్షణముననే పుస్తకము చచ్చును. కావున పిల్లల నవలను పరీక్షించుటకు మేము వాడు గీటురాయి ఇది: గుట్టు తెలిసిపోయిన పిదపను బిడ్డ ఆ పుస్తకమును మరల తెరచునా?

ఈ గీటురాయికి నిలుచు పుస్తకములలో మేము మొదట చెప్పునది 'కాంచనద్వీపము'. స్టీవెన్‌సన్ 1881లో తన సవతికొడుకును వినోదపఱచుటకు గీసిన ఒక దీవి పటము నుండి ఈ కథ పుట్టి, పిల్లల పత్రికలో వెలువడి, 1883లో పుస్తకమైనది. నండూరి రామమోహనరావుగారు దానిని తేట తెలుగున తెనిగించినారు. ఇందలి పట్టు నిధిలో నున్నదని చాలమంది యనుకొందురు. మాకట్లు తోచదు. ఒంటికాలి వంటవాడు సిల్వరు జిమ్ అను కుఱ్ఱవానితో ఎంతయో ఆప్యాయముగా మాటలాడును. కుఱ్ఱవాడు అతనిని మనసార మెచ్చుకొనును. అంతలో ఒకనాటి రాత్రి ఆపిలుపండ్ల పీపాలో నక్కియుండి, ఆ మంచి మనుష్యుడే హత్యలకు పన్నాగము పన్నుచుండగా ఆలకించును. మనకు ప్రీతిపాత్రుడైనవాడే దుర్మార్గుడని తెలియుట పదమూడేండ్ల వయస్సున కలుగు ఘోరమైన జ్ఞానము. అంతకన్న చిత్రమేమనగా, తెలిసిన పిదపను అతనిపై ఇష్టము పూర్తిగా పోదు. నిధి దొరకినదో లేదో తెలిసిన బాలుడును సిల్వరు కొఱకు మరల ఆ పుస్తకమును చేతబట్టును.

ఆయనయే తెనిగించిన మార్క్ ట్వేను నవల 'హకల్‌బెరీ ఫిన్' ఇంకను పై మెట్టునున్నది. త్రాగుబోతు తండ్రి నుండి తప్పించుకొన్న తెల్ల కుఱ్ఱవాడును, అమ్ముడుపోవుదునని భయపడి పారిపోయిన జిమ్ అను నీగ్రో బానిసయు ఒకే తెప్పపై మిసిసిపీ నదిలో దిగువకు పోవుచుందురు. పట్టుబడుదురా యను ఆత్రము ప్రతి వంపునందును కలదు. కాని నవలకు గుండెకాయ వేఱొక ఘట్టము. బానిసను దాచుట పాపమని హక్కునకు ఊరును, గుడియు నూరిపోసినవి. అతడది నమ్మినాడు. నమ్మి, జిమ్ ఉన్నచోటును యజమానురాలికి తెలుపుచు ఉత్తరము వ్రాయును. వ్రాసిన పిదప ఆ నదిపై కలసి గడపిన రాత్రులు జ్ఞప్తికి వచ్చును. తనకు నరకము తప్పదని రూఢిగా నమ్ముచునే ఆ కాగితమును చింపివేయును. తాను మంచిపని చేసితినని అతడెఱుగడు! చదువరి యొక్కడే యెఱుగును. ఇంతటి ధర్మసంకటమును ఇంత సులువుగా పిల్లల యెదుట నిలిపిన నవల మేమెఱిగినంతలో మఱియొకటి లేదు. పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టిన వంటింటిలో కూర్చుండి పదునాలుగేండ్ల బాలిక ఈ ఘట్టమును చదివినచో, తల యెత్తి ఆ గ్లాసు వైపు చూడక మానదు. తల్లిదండ్రులు దేనికి భయపడుదురో పుస్తకము చేయు పని అదియే. తుది అధ్యాయములలో టామ్ సాయరు మరల ప్రవేశించి జిమ్ విడుదలను ఆటగా మార్చుట మాకు రుచింపదు. పిల్లలకు మాత్రము రుచించుచున్నది.

అనువాదములతోనే మొదలిడితిమని చదువరులు మమ్ము నిందింపవచ్చును. తెలుగున సాహసకథలకు లోటు ఎన్నడును లేదు. దండి దశకుమారచరితమును పదమూడవ శతాబ్దముననే కేతన తెనిగించెను. పదుగురు యువకులు చెదరిపోయి, మరల కలిసికొని, తమ తమ పాట్లను చెప్పుకొను ఆ గ్రంథమున దొంగతనమునకు కూడ ఒక అధ్యాయము దక్కినది. పూర్వులు మనవలె బెదరలేదు. ఆ రక్తమే 1947లో వెలసిన చందమామ పత్రికలోని ధారావాహికలలో ప్రవహించినది. 1954లో 'తోకచుక్క'తో నారంభించి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' మొదలగువానిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. ఏండ్ల తరబడి లక్షలాది బిడ్డలను నెలనెల ఎదురుచూపులతో నిలిపిన ఆ రచయిత పేరు ఆ ధారావాహికల క్రింద అచ్చుపడలేదు. ఇప్పుడా పత్రిక వెలువడుట లేదు గాని కథలు గ్రంథరూపమున వచ్చినవి. ప్రతి భాగమును సరిగా ఎచ్చట ఆపవలెనో ఈయనకు తెలిసినంతగా మన పెద్ద నవలాకారులలో పలువురకు తెలియదు. అయినను మా గీటురాయిపై ఇవి సగమే నిలుచును. ఖడ్గవర్మయు, జీవదత్తుడును ధీరులు. కాని వారికి మొదటి నెలలో నున్న మనస్సే కడపటి నెలలోను ఉండును. స్త్రీలు దాదాపుగా లేరు. పదకొండు పండ్రెండేండ్ల వారికి ఇంతకన్న మంచి ద్వారము లేదు. ద్వారముననే నిలిచిపోరాదు.

పదునాలుగేండ్లు దాటినవారికి అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి'. కాకతి రుద్రమదేవి కాలపు కథ. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' చలనచిత్రము వలన గన్నారెడ్డి పేరు నేటి పిల్లలకు తెలియును. ఆ పేరే మనకు తాంబూలము. పెండ్లిపీటల మీది వరుని గజదొంగ యెత్తుకొనిపోవుటతో కథ పట్టు బిగించును. దొంగయెవరు, దొరయెవరు అను సందేహము చాలదూరము విడువదు. దానికి తోడు ఇది దూరదేశపు గాథ కాదు. గోనవారి వర్ధమానపురము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. మన సీమకు పొరుగు. రుద్రమ సింహాసనముపై కూర్చుండుట కథకు అలంకారము కాదు. ఆడుది ఏలరాదనువారి కుట్రలే కథను నడుపుచున్నవి. బాపిరాజుగారు వర్ణనలకు దిగినపుడు పుటలు బరువెక్కుట నిజము. ఆ పుటలను బిడ్డ దాటవేసినచో దాటవేయనీయవలెను.

నవ్వును పట్టేయని మఱువరాదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశము' తొలిభాగము 1924లో వెలువడినది. మొగలితుఱ్ఱు నుండి ఎవరికిని చెప్పక సీమకు బయలుదేరిన ఆ యువకుని అగచాట్లను, రైలుకూడలియగు వికారాబాదు పిల్లలు తమ స్టేషనులోనే జరిగినట్లు చదువుకొందురు. ఇంతకు మించి చెప్ప నవసరము లేదు; ఆ పుస్తకము తన్ను తానే చదివించుకొనును.

ఇక పిల్లలు మనమీయకయే చదువునవి కలవు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరు, మధుబాబుగారి షాడో, యండమూరి వీరేంద్రనాథుగారి 'తులసిదళము' బల్లల క్రింద చేతులు మాఱినవి. వీనిని చదివి చెడినవానిని మేము చూడలేదు. తెలుగును వడిగా చదువ నేర్చినవారిని పెక్కుమందిని చూచితిమి. అపరాధపరిశోధక నవల హాని లేనిది, అంతకన్న మిక్కిలి లేనిది. 'తులసిదళము' మాట వేఱు. దాని నైపుణ్యము నిర్వివాదము. చేతబడి వలన పసిబిడ్డ ప్రాణమునకు వచ్చిన గండమును గంటగంటకు కొలిచి చూపుట సామాన్యమైన శక్తి కాదు. కాని శాస్త్రమును, క్షుద్రవిద్యను ఒకే త్రాసులో తూచి, ముల్లును అటునిటు ఊగనిచ్చుట వలననే ఆ భయము పుట్టుచున్నది. బాణామతి చేసినారని అనుమానించి మనుష్యులను కొట్టి చంపిన పల్లెలు గల దేశము మనది. ఇచ్చట ఆ ఊగిసలాట వట్టి కల్పనగా నిలువదు. బిడ్డ చేతినుండి లాగికొనుడని మేము చెప్పము. మా చేతులతో మాత్రము ఈయము.

ఆడుపిల్లల విషయమున మన గృహములు ఇంకను వెనుకబడియున్నవి. మగపిల్లవాడు ఏది చదివినను 'చదువుచున్నాడు' అందురు. ఆడుపిల్ల చేతిలో నవల కనబడినచో 'ఏమి నవల?' అని అట్ట త్రిప్పిచూతురు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'ని పరిహసించు పండితులు, దానిని తల్లులును కూతుళ్లును ఎందుకు దాచుకొని చదివినారో ఆలోచింపలేదు. ఉద్యోగము చేయుచు ఆత్మాభిమానమును విడువని ఆడుపిల్ల కథకు నడుమనుండుట వారికి క్రొత్త. ఆ క్రొత్తదనమును మేము తక్కువగా చూడము. కాని అందు నాయిక తనకు తానై చేయగలిగిన సాహసము మిక్కిలి కొలది. కథ ఆమెను తీసికొనిపోయి ధనవంతుని ద్వారమున దించును. కాంచనద్వీపమున జిమ్ తల్లి తప్ప వేఱొక స్త్రీ లేనట్లే, ఇందు ఆడుపిల్లకు ఓడయే లేదు. పదునైదేండ్ల బాలిక ఒంటరిగా ఆపదనెదిరించి తన నిర్ణయము తాను చేసికొను పెద్ద తెలుగు నవలను పేర్కొనుడని యడిగినచో, మేము చాలసేపు తడుముకొనవలసి వచ్చును.

తెలంగాణపు మాటకు వత్తము. దాశరథి రంగాచార్యులుగారి 'చిల్లర దేవుళ్లు' నైజాము కాలమున దేశముఖుల గడీ నీడలో నలిగిన పల్లెను చూపిన నవల. పెండ్లికూతురితో పాటు దాసిగా పంపబడు ఆడబాపల బ్రతుకు అందు కలదు. పదునాఱేండ్లు నిండినవారు చదువవలెను. పెద్దలు ప్రక్కనుండి అడిగిన సందేహములకు జవాబు చెప్పవలెను. ఇంతకన్న ఊపిరి బిగబట్టి చదివించునది డాక్టరు కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు'. చిత్తూరు సీమలో పుట్టి నిజామాబాదు జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యము చేసి 2015లో గతించిన ఈ రచయిత చిన్న పుస్తకమున పెద్ద పని చేసినాడు. ఈననున్న పంది ఇల్లు చేరలేదు. పందులను కాచు ముసలివాడు దానిని వెదకుచు అడవిలో ప్రవేశించును. చీకటి, నక్కలు, బల్లెము, ముసలితనము, కథ యింతే. హెమింగ్వే రచించిన సముద్రపు ముసలివాని కథతో దీనిని పోల్చుట పరిపాటి. మాకు ఇందలి విశేషము వేఱుగా తోచును. మన వాఙ్మయమున పందిని కాచువాడు వీరుడగుట ఎంత అరుదో చదువరి యెఱుగును. కాని చదువుచున్నంత సేపును ఆ సంగతి జ్ఞప్తికి రాదు. పంది ఏమగునో యను ఆత్రమే మిగులును. ముగించిన పిదప గాని తాను ఎవని ప్రాణమునకై అంతగా తపించితినో బాలునికి తెలియదు. ఔత్సుక్యము స్థాయికి దారి వదలుట యనగా ఇది.

మన సీమ బిడ్డలకు అన్నిటికన్న దగ్గఱయైన పుస్తకము నవల కాదు. తాండూరునకు చేరువనున్న పెద్దేముల్‌లో జన్మించిన గోగు శ్యామలగారి 'ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం' కథల సంపుటి. 2012లో ఇంగ్లీషున వెలువడి దేశాంతరముల చదువరులకును తెలిసినది. తాండూరులోని ఇండ్లలో మాత్రము ఎన్నింట నున్నదో సందేహము. ఈ కథలలో పలుచోట్ల చూచువారు, చెప్పువారు పిల్లలే. మాదిగవాడ నుడికారమే భాష. అందు 'తాటకి' కథ కలదు. తెల్లవారక మునుపే పొలమునకు నీరు పెట్టబోయిన చిన్నపిల్ల తనను చెఱుపవచ్చిన దొరను ఎదిరించి బయటపడును; ఆమెకు తాటకి యను పేరు నిలుచును. సంస్కృతము చదివిన మాకు తాటక యనగా కౌమారమున రాముడు విశ్వామిత్రుని యానతిపై చంపిన రాక్షసి. ఆ పేరు ఇచ్చట బిరుదమైనది. పొలము గట్టు మీద గడచు ఆ కొన్ని క్షణములలోని బిగువు ఏ దీవి కథకును తీసిపోదు. సంస్కారవంతులగు కొందఱు 'ఈ సంగతులు ఆడుపిల్లలకేల?' అందురు. ఆపద పిల్లలకు వచ్చుచుండగా, దానిని గెలిచిన కథ మాత్రము పెద్దలకేనా?

కొఱత ఏమనగా ఇది కొన్ని పుటలతో ముగియును. ఇంత బిగువు గల బాలిక మూడువందల పుటలు నడచు నవల ఈ నేలమీద ఇంకను వ్రాయబడలేదు. స్టీవెన్‌సనునకు ఒక పటము చాలినది. మనకు నీరు నిండిన పాడుపడ్డ నాపరాతి గుంటలు, అర్ధరాత్రి వాడి వైపు పోవు గూడ్సుబండ్లు, నాలుగు భాషలు కలియు పొలిమేర, అనంతగిరి యడవి ఉన్నవి. గీయువారు కావలెను.

గృహస్థులకు ఒక్క మాట. ఇంగ్లీషు బడిలో చదువు బిడ్డకు తెలుగు పుస్తకము పట్టీయకుండుటకు కారణము కథలోని లోపమే కానక్కఱలేదు. కన్ను వడిగా సాగదు. పుట చదువుటకు పావుగంట పట్టినచో ఎంతటి ఉత్కంఠయు చల్లారును. కావున మొదటి ముప్పది పుటలను పెద్దలు బిగ్గఱగా చదువవలెను. పీపాలో కుఱ్ఱవాడు చెవియొగ్గినచోట పుస్తకము మూసి, వంటపని కలదని లేచిపోవలెను. మిగిలినది బిడ్డ తానే కూడబలుకుకొనును. నూఱవ పుటకు కన్ను దానంతట అదే పరుగెత్తును. చదివి ముగించిన పిదప 'ఇందలి నీతి యేమి?' అని మాత్రము అడుగరాదు. అడుగ మనసైనచో 'సిల్వరును నీవైతే విడిచిపెట్టుదువా?' అని యడుగవచ్చును.

మొదట ఏది ఈయవలెనని తఱచుగా అడుగుచుందురు. ఏమియు చదువని పదమూడేండ్ల వికారాబాదు బాలునికి కాంచనద్వీపమును ఈయవలెను. అది ముగిసిన నాడు, ఏమియు చెప్పక, హకల్‌బెరీ ఫిన్‌ను బల్లమీద నుంచవలెను. తాండూరు బాలికకు శ్యామలగారి తాటకి కథను ముందుగాను, గోన గన్నారెడ్డిని వెనుకను ఈయవలెను. కేశవరెడ్డిగారి పుస్తకమును ఇద్దఱికిని పదునాఱవ యేట ఈయవచ్చును. అది చిన్నది, ఒక ఆదివారము చాలును.